మా మామ కళ్ళం, మా చిన్నమ్మ కేసు

మా చిన్నమ్మ పేరు పుష్పం. మా అమ్మకు చెల్లెలు. తమిళనాడులో ఒట్టపిడారం నుంచి లోపలికి పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊళ్ళో పుట్టింది. అదే ఊళ్ళో మేనత్త కొడుకు అప్పాసామిని చేసుకుంది. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక్క వీధిలోనే. ఊరు దాటి పోవడమంటే ఆమెకు రెండే చోట్లు. సామాన్లకూ ఆస్పత్రికీ కోవిల్‌పట్టి, పంట అమ్మడానికి విరుదునగర్. పంట తెచ్చినప్పుడల్లా విరుదునగర్‌లో మా ఇంట్లో దిగేవాళ్ళు. మండీలో వ్యాపారి ఉద్దులు, అంటే మినుములు, గుప్పిట్లోకి తీసుకుని మొహం చిట్లిస్తే, నచ్చకపోతే దించుకోవద్దని తమిళంలో గట్టిగా చెప్పి బస్తా మూతి కట్టేసేది చిన్నమ్మ. చిన్నాయన పక్కన నిలబడి నేల చూస్తూ నవ్వుకునేవాడు. ఆయనది మెత్తని గొంతు. ఇద్దరి తరఫునా ఆమే మాట్లాడేది.

మా ఇళ్ళలో తెలుగు నోట ఉండే భాష, పుస్తకంలో ఉండేది కాదు. వాకిలి దాటితే తమిళమే. నేను తెలుగు చదవడం, రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఇక్కడ మా వాళ్ళు తెలుగులో అన్న మాటల్ని అన్నట్టే పెట్టాను. కోర్టులో తమిళంలో నడిచిందంతా నా మాటల్లో చెబుతున్నాను.

మా అమ్మకూ చిన్నమ్మకూ ఒకడే అన్న, తిరుమలసామి మామ. తాత పోయాక పెద్ద పొలమూ, దాన్ని ఆనుకుని బస్సు ఆగే చోటి పక్కనే ఉన్న కళ్ళమూ మామ పేరు మీదికి వచ్చాయి. ఆ కళ్ళం తాత చేయించింది. గట్టిగా దిమ్మిస కొట్టించిన చదునైన నేల. కంచె లేదు, గోడ లేదు. పంట రోజుల్లో ఊరిలో సగం మంది అక్కడే ఆరబోసేవారు. మిగతా రోజుల్లో ఐస్ బండి అక్కడే ఆగేది, పిల్లలు క్రికెట్ ఆడేవారు, బస్సు కోసం వచ్చినవాళ్ళు అడ్డంగా నడిచి పోయేవారు. కూలిపని చేసుకునే ముత్తుప్పేచ్చి తన కొద్దిపాటి సజ్జలు కూడా అక్కడే ఓ మూల ఎండబెట్టుకునేది. ఎవరూ మామను అడిగేవారు కాదు. అడగాలని ఎవరికీ తోచేది కూడా కాదు.

చిన్నాయన పోయింది ఆ కళ్ళంలోనే. తమిళుల మాసి నెల, ఫిబ్రవరి చివర, మధ్యాహ్నం. మొక్కజొన్న వొలిచి కుప్ప పోశారు. విరుదునగర్ వ్యాపారి పంపిన చిన్న లారీ బస్తాలెత్తుకోవడానికి వచ్చింది. పక్కన వేరేవాళ్ళ జొన్నకు నూర్పిడి మిషన్ ఆడుతోంది, ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. లారీ వెనక్కి వస్తుంటే టార్పాలిన్ అంచు చక్రం కిందికి పోతోందని చిన్నాయన వంగి లాగబోయాడు. చిన్నమ్మ పది అడుగుల దూరంలో కూర్చుని బస్తా మూతి కుడుతోంది. ఆమె కళ్ళెదుటే జరిగింది.

ఆమె లేచి పరుగెత్తి లారీ వెనక చెక్కకు రెండు చేతులూ ఆనించి ముందుకు నెట్టిందట. లారీని ఒక ఆడమనిషి నెట్టడం. చూసినవాళ్ళు నాకు చెప్పారు. డ్రైవర్ పాండియరాజన్ అద్దంలో ఆమె మొహం చూసి ఆపాడు. అప్పటికే ఆలస్యమైంది. అదే బండిలో పడుకోబెట్టి కోవిల్‌పట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. దారిలోనే పోయాడు.

మేము ఆస్పత్రికి వెళ్ళేసరికి చిన్నమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. చేతిలో బస్తాలు కుట్టే దబ్బనం అలాగే ఉంది. ఎవరు తీసుకోబోయినా ఇవ్వలేదు. ఏడవలేదు కూడా. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది: "వంగినాడు. వంగినవాడు లేస్తాడు గదా. లేస్తాడని చూస్తాంటిని." కర్మ అయిపోయాక కూడా చాలా రోజులు ఆమె నోట ఆ మాట తప్ప వేరే మాట రాలేదు. మామ పగలంతా ఆమె వాకిట్లోనే కూర్చునేవాడు. అప్పాసామి, ఆయనా చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాళ్ళు. పాడె మోసిన భుజం మీద చెయ్యి పెట్టుకుని ఆయన వెక్కి వెక్కి ఏడవడం నేను చూశాను. ఇది ముందే చెబుతున్నాను. తర్వాత జరిగింది వింటే ఆ మనిషి మొదటి నుంచీ రాయి అనుకుంటారు. కాదు.

కేసు వేయమని చెప్పింది మేమే. చిన్నమ్మ కూతురు సింధుజ విరుదునగర్‌లో మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. దాని చదువైనా నిలబడాలి గదా అని. కోవిల్‌పట్టి బస్టాండ్ దగ్గర మేడ మీద ఆఫీసు పెట్టుకున్న వకీలు మహేశ్వరిప్రియ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అరుప్పుకోట్టైలో బట్టలు నేసే కుటుంబం నుంచి వచ్చిన మనిషి, ఇంట్లో తెలుగే. చిన్నమ్మకు అది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. లారీకి ఇన్సూరెన్స్ ఉంది, డ్రైవర్ తప్పు ఒప్పుకున్నాడు, పోలీసులు కేసు రాశారు. ఇక అడ్డమేముంటుంది అనుకున్నాం.

కొన్ని నెలలకు మళ్ళీ రమ్మని కబురొచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు వేసింది. లారీ తగిలిందనీ, మనిషి పోయాడనీ వాళ్ళు కాదనడం లేదు. వాళ్ళు పట్టుకున్నది వేరే.

"బండి బీమా పొదు ఇడంలో జరిగేదానికి అక్కా," అంది వకీలు. తమిళంలో అందరికీ చెందిన చోటును అలా అంటారు. "మీ ఆయన పోయింది పొదు ఇడంలో కాదంట. ఒకరి సొంత నిలంలో అంట. కాబట్టి తమకు సంబంధం లేదంటాండారు."

చిన్నమ్మకు మొదట అర్థం కాలేదు. నిలమంటే నేలని తెలుసు గానీ, పొదు అన్నది ఆమెకు వీధి కొళాయికీ, బస్టాండ్‌లో మరుగుదొడ్డికీ వాడే మాటగానే తెలుసు. వకీలు ఇంకోసారి చెప్పింది. అప్పుడు చిన్నమ్మ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది.

"రోడ్డు మింద పోయుంటే మనిషి, కళంలో పోతే కాదా?" అంది.

వకీలు కాగితం ముందుకు లాక్కుని కళ్ళం గురించి అడిగింది. ఎవరిది, గేటుందా, ఎవరెవరు వస్తారు. చిన్నమ్మ చెబుతూ పోయింది. చెబుతుంటే వకీలు మొహం తేటపడింది. భూమి ఎవరిదన్నది కాదు లెక్క, జనం అడ్డు లేకుండా రాగలరా లేదా అన్నదే అని పెద్ద కోర్టులు చెప్పి ఉన్నాయంది. నేల హక్కుదారు తిరుమలసామి గనక ఆయనే వచ్చి అందరూ వచ్చిపోతారని ఒక్క మాట చెబితే చాలంది.

అంతేనా అని చిన్నమ్మ ఊపిరి పీల్చుకుంది. బస్సులో తిరిగి వస్తూ, చిన్నాయన పోయాక మొదటిసారి, నన్ను ఏమైనా తిన్నావా అని అడిగింది.

మామ ఆ రోజు సరేనన్నాడు. వాకిట్లో నిలబడి, వస్తానమ్మా, చెప్పేదేముంది అన్నాడు. ఆ తర్వాత ఆయన చిన్నమ్మ ఇంటికి రావడం తగ్గింది. వకీలు తన ఆఫీసుకు రమ్మని రెండుసార్లు ఫోన్ చేయిస్తే ఒకసారి మిరప కోత అన్నాడు, ఇంకోసారి జ్వరమన్నాడు. చిన్నమ్మ అదంతా నిజమే అనుకుంది. ఆయనకు కషాయం కాచి పంపింది కూడా.

విచారణ రోజు నేను విరుదునగర్ నుంచి నేరుగా కోవిల్‌పట్టి కోర్టుకు వెళ్ళాను. చిన్నమ్మ బయట బెంచీ మీద అన్న కోసం చోటు పట్టి కూర్చుని ఉంది. మామ వచ్చాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. ఆమె లేచి నిలబడింది. ఆయన మా వైపు చూడకుండా మమ్మల్ని దాటుకుని పోయి, ఇన్సూరెన్స్ తరఫు వకీలు పక్కన నిలబడ్డాడు.

"అన్న వాండ్లతో నిల్చున్నాడే," అంది చిన్నమ్మ నాతో. "తెలీక నిల్చున్నాడు. పోయి చెప్పు."

నేను వెళ్ళాను. మామా, మన వకీలు అటువైపు ఉందని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నువ్వు పోయి కూర్చో పాప అన్నాడు. నాకప్పుడు తెలిసింది. తిరిగి వచ్చి చిన్నమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. చెప్పే పని లేకపోయింది. లోపలి నుంచి పేరు పిలిచారు. ఇన్సూరెన్స్ కంపెనీ వైపు సాక్షి, తిరుమలసామి.

ఆయన బోను ఎక్కి ప్రమాణం చేశాడు. ఇన్సూరెన్స్ వకీలు అడిగినదానికల్లా తల ఊపుతూ చెప్పుకుపోయాడు. ఆ నేల తన పేర పట్టా ఉన్న సొంత భూమి. అది పొదు ఇడం కాదు. తన అనుమతి లేకుండా అందులో ఎవరూ కాలు పెట్టడానికి లేదు. ఆ రోజు ఆ లారీ వచ్చిందీ తన అనుమతితోనే.

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె అన్నను చూడడం లేదు. ఆయన నోటిని చూస్తోంది, అది ఎవరి నోరో గుర్తుపట్టాలన్నట్టు. కోర్టులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గుమాస్తా టైపు చేస్తున్నాడు, ఎవరికీ ఏమీ కాలేదు. బోనులో ఉన్నది మా అమ్మకు తోడబుట్టినవాడు. నన్ను భుజాన వేసుకుని అదే కళ్ళంలో తిప్పినవాడు.

మహేశ్వరిప్రియ లేచింది. ఆమె గొంతు పెంచలేదు. కళ్ళానికి కంచె ఉందా అని అడిగింది. లేదన్నాడు. గేటు? లేదు. పరులు రాకూడదని బోర్డు? లేదు. ముత్తుప్పేచ్చి అనే ఆమె అక్కడ సజ్జలు ఎండబెడుతుంది గదా, ఎప్పుడైనా వచ్చి మిమ్మల్ని అడిగిందా? మామ ఆలోచించి, అడగలేదన్నాడు. అడగకుండా ఎండబెట్టిందని ఎప్పుడైనా కోప్పడ్డారా? లేదన్నాడు. ఐస్ బండి వాడు? బస్సు కోసం వచ్చేవాళ్ళు?

ఇన్సూరెన్స్ వకీలు అడ్డు చెప్పబోయాడు. జడ్జి ఆగమన్నాడు.

ఆఖరికి ఆమె అడిగింది. మీ నాన్నగారి కాలం నుంచి ఈనాటి వరకు, ఆ కళ్ళంలోకి వచ్చిన ఎవరినైనా, ఒక్కరినైనా, మీరు పొమ్మన్నారా?

మామ బోను కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అవునని ఉంటే ఆయన వచ్చిన పని నెరవేరేది. అది అబద్ధమని నిరూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆయన మొదటిసారి చిన్నమ్మ వైపు చూశాడు. అప్పటిదాకా తమిళంలో మాట్లాడినవాడు తెలుగులో అన్నాడు.

"కళంలోకి వచ్చినవాండ్లను పొమ్మనేది మా ఇంట్లో ల్యా."

జడ్జి అర్థం కాక, తమిళంలో చెప్పమన్నాడు. వచ్చినవాళ్ళను పొమ్మనే అలవాటు తమ ఇంట్లో లేదని మామ చెప్పాడు. గుమాస్తా అది టైపు చేశాడు. మహేశ్వరిప్రియ ఇంకేమీ అడగకుండా కూర్చుంది.

బయట వేపచెట్టు కింద మామ మా కోసం నిలబడి ఉన్నాడు. చిన్నమ్మ దాటిపోబోతే ఎదురొచ్చాడు. ఆయన చెప్పిందాని సారం ఇది: తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసేవాడొకడు ఆయనకు చెప్పాడు, కోర్టులో నీ నోటితో పొదు ఇడం అన్నావంటే మర్నాడే పంచాయతీ వచ్చి బోర్డు పాతేస్తుంది, పట్టా చెల్లదు అని. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళ మనిషి వచ్చి, ఉన్న నిజమే చెప్పండి, మీ భూమి మీదేనని చెప్పండి, అంతే అన్నాడు.

"నాయన సంపాదించిన నిలం పోతుందనిరి పుష్పం," అన్నాడు. "నాకు నిద్ర ల్యా."

"నీ నిలం యాడికీ పోదన్నా," అంది చిన్నమ్మ. "పోయింది నా మొగుడు."

ఆమె గట్టిగా అనలేదు. మండీలో వ్యాపారుల నోరు మూయించిన మనిషి ఆ మాట దాదాపు గుసగుసగా అంది. మామ మొహం మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

తీర్పు తర్వాతి సంవత్సరం వచ్చింది. చిన్నమ్మ వైపే. మహేశ్వరిప్రియ ఫోన్‌లో చెబితే నేనూ సింధుజా విన్నాం. ఆ వారమే చిన్నమ్మను తీసుకుని ఆమె ఆఫీసుకు వెళ్ళాం. తీర్పులో జడ్జి రాసింది ఆమె మాకు విడమరిచి చెప్పింది. నేల ఎవరి పేర ఉన్నా సరే, జనం అడ్డూ ఆపూ లేకుండా వచ్చిపోయే చోటు ఈ చట్టం వరకు పొదు ఇడమే. అందుకు సాక్ష్యం ఎవరిదో కాదు, నేలగల ఆసామి చివరికి చెప్పిన మాటే. ఇన్సూరెన్స్ కంపెనీయే ఇచ్చుకోవాలి.

చిన్నమ్మ విని, "అట్లయితే అన్న నిలం?" అని అడిగింది.

దానికేమీ కాదంది వకీలు. పట్టా ఆయనదే, నేల ఆయనదే. బండి బీమా కోసం పొదు ఇడం అన్నంత మాత్రాన ఎవరి భూమీ ఎవరిదీ అయిపోదు. మొదటి రోజే ఆయన వచ్చి నిజం చెప్పి ఉన్నా ఆయనకు ఒక్క అంగుళం పోయేది కాదు.

ఆ మాటకు చిన్నమ్మ టేబుల్ మీదికి వంగింది. గెలిచినందుకు ఏడుస్తోందేమో అనుకుని సింధుజ దగ్గరికి వెళ్ళింది. ఆమె ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి వకీలునే చూస్తోంది.

"ఏమీ పోదా? ఊరికేనా?" అంది. "ఊరికే ఒగ మనిషి అట్ల నిల్చునేదా?"

అన్న భయపడింది లేనిదానికి. లేనిదానికి భయపడి బోనెక్కి ఆమెకు ఎదురు నిలబడ్డాడు. ఎంతో కొంత నిజంగా పోయేదుంటే ఆమె ఎలాగో సర్దుకునేదేమో. ఇది ఆమెకు మింగుడు పడలేదు. మెట్లు దిగుతూ ఒక చోట ఆగి, ఇది అన్నకు చెప్పాలి, పాపం భయపడతా ఉంటాడు అంది. సింధుజ ఒప్పుకోలేదు. చిన్నమ్మ వినలేదు. ఊరు చేరాక కాళ్ళు కూడా కడుక్కోకుండా అన్న ఇంటికి పోయి, నేల నీదే, భయం లేదని చెప్పి వచ్చింది. మామ విన్నాడట. మంచిదమ్మా అన్నాడట. ఇక అంతా సర్దుకుంటుందని మా అమ్మ సంబరపడింది.

మరుసటి పంట ముందు సింధుజను తీసుకుని నేను ఊరికి వెళ్ళాను. బస్సు దిగగానే నాకు ఊరు తప్పి దిగామేమో అనిపించింది. కళ్ళం చుట్టూ రాతి కంబాలు, వాటికి ముళ్ళ తీగ. రోడ్డు వైపు ఇనప గేటు, గేటుకు తాళం. పక్కన రేకు మీద తమిళంలో ఎర్రగా రాయించాడు: ఇది సొంత భూమి, పరులు రాకూడదు. లోపల పిల్లలు లేరు, ఐస్ బండి లేదు. సింధుజ తీగ పట్టుకుని, వాళ్ళ నాన్న పడిన చోటు వైపు చూస్తూ ఉండిపోయింది. తీర్పు విన్నప్పుడు కూడా తొణకని పిల్ల అక్కడ రోడ్డు మీదే ఏడ్చింది.

మామను నేనే వెళ్ళి అడిగాను. ఎందుకు మామా, నేల నీదేనని చిన్నమ్మ వచ్చి చెప్పింది గదా అని. కంచె లేదని చెప్పే గదా దాన్ని పొదు ఇడమని రాసినారు, ఇంగొకసారి ఎవురూ అట్ల రాయకూడదు అన్నాడు. ఎవరినీ పొమ్మనే అలవాటు లేదని చెప్పిన నోటితోనే అన్నాడు. బహుశా అలవాటు లేదు గనకే గేటు పెట్టాడు. ఇప్పుడు ఎవరినీ పొమ్మనక్కర్లేదు. తాళం చూసి వాళ్ళే పోతారు.

ఆ ఏడాది ఊరంతా తారు రోడ్డు మీద ఆరబోసింది. బండ్లు తిరిగే దారి. ఒక పక్క మొక్కజొన్న, ఒక పక్క ఉద్దులు, మధ్యలో వెడల్పు తక్కువ దారి. మలుపు దగ్గర ముత్తుప్పేచ్చి ఎర్ర గుడ్డ పట్టుకుని నిలబడి వచ్చే బండ్లను నెమ్మదిగా పొమ్మని ఊపేది. చిన్నమ్మ కూడా తన ఉద్దులు తెచ్చి అక్కడే పోసింది. లారీ వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి నిలబడేది, పోయాక మళ్ళీ కాళ్ళతో ఉద్దులు కెలికేది. నేను పక్కనే ఉన్నాను. వద్దు చిన్నమ్మా, నీవల్ల కాదంటే, మరి ఎక్కడ పొయ్యమంటావని అడిగింది.

మామ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. అప్పటికి మధ్య దారి మీదికీ ఉద్దులు పరుచుకున్నాయి. ఆపి, కాలు కింద పెట్టి, జేబులోంచి తాళంచెవి తీశాడు.

"నువ్వు ఏమిటికి ఇక్కడ పోసేది," అన్నాడు. "నీకు ఎవురు రావద్దనిరి? ఇదో, పెట్టుకో."

చిన్నమ్మ తాళంచెవిని చూసింది. మలుపు దగ్గర ఎర్రగుడ్డ పట్టుకున్న ముత్తుప్పేచ్చిని చూసింది.

"నాకొకదానికే అయితే వద్దన్నా," అంది.

ఆయన చెయ్యి కాసేపు అలాగే చాచి ఉంచాడు. ఆమె కాలితో ఉద్దులను పక్కకు జరిపి, చక్రం పట్టేంత దారి చేసింది.

"పో," అంది. "ఇది రోడ్డు గదా."

ఆయన బండి నడపలేదు. దిగి, ఒక్క గింజ కూడా తొక్కకుండా తోసుకుంటూ పోయాడు.